గేటు లోపల వ్యాపారబుద్ధి: యాజమాన్యాలకు కొన్ని నమ్మకమైన చిట్కాలు

మీరు ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీకి కొత్తగా జనరల్ మేనేజరై వచ్చారనుకుందాం. సామాను ఇంకా విప్పకముందే హెడ్డాఫీసు నుంచి మెయిలొచ్చింది. మన ఉద్యోగులు జీతగాళ్లలా ఆలోచిస్తున్నారు, యజమానుల్లా ఆలోచించాలి, మార్చి నెలాఖరులోగా వాళ్లలో వ్యాపారబుద్ధి పెంపొందించి ఫోటోలతో సహా రిపోర్టు పంపగలరు అని. కంగారు పడకండి. మీకు ముందు చాలామంది ఈ పని చేసి, రిపోర్టు పంపి, ప్రమోషన్ పుచ్చుకొని వెళ్లిపోయారు. వాళ్ల అనుభవసారాన్ని మీకోసం ఇక్కడ కూర్చాను.

మొదట ఒక హెచ్చరిక. ఈ బుద్ధిని మీరు కొత్తగా నాటక్కర్లేదు. ఇప్పటికే ఉంది, అసలు చిక్కే అది. మంట రంగు చూసి కిల్న్ ఎలా నడుస్తోందో చెప్పే ఆపరేటరుకు పులివెందుల దిక్కున చీనీ తోట ఉంది. కాయ ఇప్పుడే కోయాలా, అనంతపురం మార్కెట్టులో ధర లేచేదాకా చెట్టుమీదే ఉంచాలా అని తెల్లవారకముందే నాలుగు ఫోన్లు చేస్తాడు. ప్యాకింగ్ ప్లాంటులో బస్తాలు లెక్కబెట్టే మనిషి బావమరుదులతో కలిసి టిప్పరు కొన్నాడు. డీజిలెంత, టైరు ఎన్నాళ్లకు అరుగుతుంది, డ్రైవరు బత్తా పోను ఫైనాన్సు కంతుకు ఎంత మిగులుతుంది, కాగితం ముట్టకుండా చెబుతాడు. స్టోర్స్ గుమాస్తా ఇంటావిడ చీటీలు నడుపుతుంది, వసూళ్లకు ఆయన పోతాడు. ఎలక్ట్రీషియన్‌కు ముద్దనూరు రోడ్డులో మోటారు రీవైండింగ్ షాపుంది. ఎండాకాలం బోరు మోటార్లు వరసబెట్టి కాలిపోతాయి, ఆయన సెలవు చీటీలన్నీ సరిగ్గా ఆ నెలల్లోనే ఉంటాయి. వానను నమ్ముకొని బతకలేని సీమ ఇది. ఒక్క రాబడి మీద ఇల్లు నడిపే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు.

ఈ మనుషులే పొద్దున ఆరింటికి గేటు దగ్గర పంచ్ కొట్టి హెల్మెట్ పెట్టుకోగానే, "సార్ చెప్పనీ, చూద్దాం" అనే స్థితికి వచ్చేస్తారు. ఇది దానంతటది జరిగిన మార్పనుకుంటే మీకు ముందున్నవాళ్లను అవమానించినట్టే. ఏళ్ల తరబడి సర్క్యులర్లు రాసి, మెమోలు ఇచ్చి సాధించారు. దాన్ని కాపాడటం మీ బాధ్యత. కాపాడుతూనే పోగొడుతున్నట్టు కనిపించడం మీ నేర్పు.

పేరు ముందు, పని తర్వాత

పథకానికి మంచి పేరు పెట్టండి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎవరైనా సణిగితే పట్టించుకోకండి, సోమలింగానికి లోగో కూడా వేయించండి. టీషర్టులు అందరికీ ఒకే సైజులో కుట్టించండి. ప్రారంభోత్సవానికి హైదరాబాదు నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించండి. ఆయన గోడకు అతికించే రంగురంగుల చీటీల కథ చెబుతాడు. 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో సరిగా అంటుకోని జిగురు ఒకటి కనిపెట్టడం, 1974లో ఆర్ట్ ఫ్రై అనే సహోద్యోగికి చర్చి పాటల పుస్తకంలో గుర్తు కాగితాలు జారిపోతుంటే ఆ జిగురు గుర్తుకు రావడం, 1980లో అది సరుకై అమెరికా అంతటా దుకాణాలకెక్కడం. కథ చప్పట్లతో ముగుస్తుంది. మధ్యలో ఉన్న ఆ పన్నెండేళ్లూ ఆ ఇద్దరికీ జీతం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్న ప్రశ్న ఎవరికీ రాకుండా చూసుకోండి. ఉద్యోగి తన పనివేళల్లో పదిహేను శాతం తనకు తోచిన పనికి వాడుకోవచ్చన్న పద్ధతి ఆ కంపెనీలో అప్పటికే ఉంది. మీరు కూడా ఇవ్వొచ్చు, ఆదివారాల్లో.

"ఓనర్‌లా ఆలోచించండి" అనే మాట దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. ఎర్రగుంట్లకు ఓనర్లు మారడం కొత్త కాదు. కృష్ణానగర్ ఫ్యాక్టరీ టెక్స్‌మాకో నుంచి జువారీకి, జువారీ నుంచి ఇటలీ వాళ్ల ఇటాల్‌సిమెంటికి, ఆ ఇటలీ కంపెనీతో పాటే 2016లో జర్మనీ హైడెల్‌బర్గ్‌కు చేరింది. నల్లలింగాయపల్లె భారతి సిమెంట్‌లో ఫ్రాన్సు వికా కంపెనీ 2010లో 51 శాతం వాటా కొంది. చిలంకూరులో ఫ్యాక్టరీ ఉన్న ఇండియా సిమెంట్స్ 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ చేతికి వచ్చింది. (మనం చెప్పుకునే ఫ్యాక్టరీ వీటిలో ఏదీ కాదు, పూర్తిగా నా ఊహలోది.) బోర్డులు ఇన్నిసార్లు మారడం చూసిన మనిషి, "ఏ ఓనరు మాదిరి సార్?" అని అడగొచ్చు. ప్రశ్న బాగుందని మెచ్చుకొని టీ విరామం ప్రకటించండి.

పెట్టె

సలహాల పెట్టె లేని పథకం పథకమే కాదు. దాన్ని టైమాఫీసు పక్కన, సెక్యూరిటీ సూపర్‌వైజరు కుర్చీకి ఎదురుగా తగిలించండి. ఎవరు చీటీ వేశారో ఆయనకు కనబడాలి. ఫారం ఇంగ్లీషులో ఉండాలి. ప్రస్తుత పరిస్థితి, ప్రతిపాదించిన పరిస్థితి, ఏడాదికి ఆదా లక్షల్లో, పెట్టుబడి తిరిగొచ్చే కాలం, శాఖాధిపతి సిఫారసు. ఆ ఆఖరి గడి చాలా ముఖ్యం. సలహా ఎవరి తప్పును బయటపెడుతుందో ఆయన సంతకంతోనే అది ముందుకు కదలాలి. తాళంచెవి హెచ్‌ఆర్ అధికారి దగ్గరుంటుంది. ఆయన బదిలీ మీద పోయేటప్పుడు తాళంచెవి కూడా పోతుంది. తర్వాతెప్పుడో తాళం పగలగొడితే గుట్కా కవర్లు, క్యాంటీన్ సంగటి గురించి ఒక ఫిర్యాదు బయటపడతాయి. వీళ్లకు ఆలోచనల్లేవు అని రిపోర్టు రాయడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఈ విషయంలో హైదరాబాదు పక్కన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌ను ఆదర్శంగా తీసుకోకండి. జపాన్‌లో కౌరు ఇషికావా పూనికతో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిళ్లను, దేశంలో మొదటిసారి 1980లో అక్కడే పెట్టారు. 1982లో సికింద్రాబాదు కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కూడా పుట్టింది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది తమంతట తాము కూడతారు. తమ పనిలో చిక్కేమిటో తామే ఎంచుకుంటారు, లెక్కలు తామే కడతారు, పరిష్కారం దొరికాక పై అధికారుల ముందు నిలబడి తామే చెబుతారు. ప్రమాదం ఎక్కడుందో గమనించారా? సమస్య ఏదో తేల్చే హక్కు కార్మికుడి చేతికి పోయింది. అదొక్కటి పోయాక మీ గదికి ఏసీ ఎందుకు, మీ కారుకు డ్రైవరెందుకు?

మీరూ సర్కిళ్లు పెట్టండి, తప్పకుండా పెట్టండి. సమస్యల జాబితా మాత్రం మీ ఆఫీసు నుంచి పోవాలి. ప్రజెంటేషన్ ట్రైనీ ఇంజినీరు చేత ఇప్పించండి. కార్మికులను ఫోటోలో ముందు వరసలో కూర్చోబెట్టండి, సరిపోతుంది.

తుక్కు యాంగిల్ ఉదంతం

ఇంత చేసినా ఎక్కడో ఒకడు తప్పించుకుంటాడు. అలాంటివాణ్ణి ఎలా ఎదుర్కోవాలో కాస్త వివరంగా చూద్దాం.

క్రషర్ దాటిన సున్నపురాయి ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడేచోట ఇనుప చ్యూట్ ఉంటుంది. రాయి ఇరవైనాలుగు గంటలూ ఒకే చోట కొట్టుకొని ప్లేటు అరిగి చిల్లు పడుతుంది. బెల్టు ఆపాలి, కొత్త లైనరు తెప్పించాలి, బిగించాలి. మీ ఫిట్టరు పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు. ఒకరోజు సి షిఫ్టులో తుక్కు యార్డు నుంచి రెండు యాంగిల్ ముక్కలు తెచ్చి, రాయి తగిలే చోట అడ్డంగా వెల్డు చేశాడు. ఆ అంచు మీద కొన్ని రాళ్లు పేరుకొని అక్కడే నిలిచిపోయాయి. ఆ తర్వాత పడే రాయి తగిలేది వాటికే, ప్లేటు జోలికి పోదు. రాయికి రాయే కాపు. పెద్దపెద్ద గనుల్లో దీన్ని రాక్ బాక్స్ అంటారు, పాత విద్యే. ఇతను ఏ పుస్తకంలోనూ చూడలేదు, ప్లేటు అరగడాన్ని పద్దెనిమిదేళ్లు చూశాడు.

మర్నాడు మీ క్యాబిన్‌లో సంభాషణ ఇలా నడవాలి.

"ఎవరు చెయ్యమన్నారయ్యా?"

"ఎవురూ చెప్పలా సార్. ఊరికూరికే ప్లేట్లు మారుస్తాండాం గదా. రాయి మీదనే రాయి పడితే ప్లేటుకేం గాదులే అని ఏసినా."

"యాంగిల్ ఎక్కడిది?"

"తుక్కులోది సార్."

"ఇష్యూ స్లిప్పు?"

"తుక్కుకు ఇష్యూ స్లిప్పు యాడుంటాది సార్!"

ఇక్కడ నవ్వకండి. ప్లేటు ఎన్నాళ్లు నిలుస్తోంది అని పొరపాటున కూడా అడగకండి. అడిగితే జవాబు వస్తుంది, జవాబొస్తే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. తెల్లకాగితం తీసుకొని మూడు నేరాలు రాయండి. అనుమతి లేకుండా యంత్రంలో మార్పు, కాగితం లేకుండా కంపెనీ సామాను వాడకం, హాట్ వర్క్ పర్మిట్ లేకుండా వెల్డింగు. ఈ మూడోది నిజంగానే తప్పు. కింద ఉన్నది రబ్బరు బెల్టు, నిప్పురవ్వ పడితే ఎంత దూరం అంటుకుంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే దాన్ని మొదటి వరసలో పెట్టి, మిగతా రెంటినీ దాని నీడలో నిలబెట్టండి. భద్రత పేరు చెప్పాక యూనియన్ వాళ్లు కూడా నోరెత్తరు.

ఆ తర్వాత ఆలోచనను కమిటీకి పంపండి. మెకానికల్, ప్రాసెస్, సేఫ్టీ, ఫైనాన్స్, అక్కణ్ణుంచి హెడ్డాఫీసు. ఆలస్యమవుతోందని ఎవరైనా అంటే మన స్టేషన్ వైపు చెయ్యి చూపించండి. నంద్యాల - ఎర్రగుంట్ల లైను 1996-97 బడ్జెట్‌లో మంజూరైంది. ఆ పట్టాల మీద ప్రయాణికుల రైలు నడిచింది 2016లో. అంత ఓపిక పట్టిన ఊరికి ఒక ఫైలు ఎంత?

ఇవన్నీ దాటి ఆలోచన పనిచేస్తోందని తేలిపోయిందనుకోండి, బ్రహ్మాస్త్రం ఇంకొకటి ఉంది. లైనర్ల మీద ఎంత ఆదా అయిందో సరిగ్గా అంత, వచ్చే ఏడాది ఆ డిపార్టుమెంటు మెయింటెనెన్సు బడ్జెట్లో కోసేయండి. దీనికి సర్క్యులర్ అక్కర్లేదు, మెమో అక్కర్లేదు. ఖర్చు తగ్గించే పిచ్చి ఎవడికైనా పడితే ఫోర్‌మన్లే వాణ్ణి పక్కకు తీసుకెళ్లి బుద్ధి చెబుతారు. నేను చూసినంతలో ఇంతటి చవకైన, ఇంత గట్టిగా పనిచేసే ఆయుధం మరొకటి లేదు.

తుక్కు యార్డు గేటుకు కూడా ఒక తాళం వేయించండి. తుక్కును చూసి ఆలోచించడం అంటురోగం. మీ పక్కనే ఆర్టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం చూడండి. 1994 నుంచి బొగ్గు కాలుస్తోంది, ఇప్పుడు 1,650 మెగావాట్లు. ఆ బూడిదను ఎక్కడ పోయాలన్నదే ఒకప్పుడు బెంగ. ఇప్పుడు పోజోలానా సిమెంటు బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా ఆ బూడిదే, దాన్ని ఎవరు తోలాలన్నదే తగాదా.

బహుమతి

ఇవ్వండి. గణతంత్ర దినోత్సవం నాడు జెండా వందనం అయ్యాక, ఎండ ముదరకముందే. శాలువా, షీల్డు, గిఫ్టు కూపను. కూపను చెల్లే దుకాణం కనీసం బెంగళూరులో ఉండాలి.

జపాన్‌లో నిచియా కంపెనీ మంచి దారి వేసింది. షూజీ నాకమురా అనే ఉద్యోగి నీలిరంగు ఎల్‌ఈడీ వెంట పడ్డాడు. పాత అధ్యక్షుడు డబ్బిచ్చాడు, కొత్త అధ్యక్షుడు ఆపమన్నాడు, ఇతను ఆపలేదు. 1993లో కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చి లాభాల పంట పండించుకుంది. అతనికి ముట్టింది ఇరవై వేల యెన్‌లు. తర్వాత అతను కంపెనీ వదిలి అమెరికా వెళ్లి, కోర్టుకెక్కి, 2005లో రాజీ కింద 84 కోట్ల యెన్‌లు రాబట్టాడనీ, 2014లో నోబెల్ కూడా వచ్చిందనీ కొందరు దెప్పుతారు. మన ఫిట్టరుకు అంత ఖరీదైన లాయరు దొరకడు, ధైర్యంగా ఉండండి.

ఆదాలో వాటా అడిగేవాడు ఉంటాడు. టిప్పరు లెక్కలు కట్టేవాడే ముందు అడుగుతాడు. డబ్బుకోసం చేస్తే అది నిబద్ధత ఎలా అవుతుందని బాధగా ప్రశ్నించండి. మీ సొంత వేరియబుల్ పే సంగతి అప్పుడు తలుచుకోకూడదు.

మనుషుల ఎంపిక

పడుచువాళ్లనే తీసుకోండి, అదీ మంచి కాలేజీల నుంచి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడు ఈ సూత్రం పాటించలేదు. యూనివర్సిటీలో రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడికి ఆ కంపెనీలో చోటు దొరికింది, ఊరూరి మట్టీ తెప్పించుకొని వెతుక్కోనిచ్చారు. 1948లో లోకానికి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దక్కింది. అది వేరే సంగతి. యాభై ఎనిమిదో ఏట మనిషిని ఇంటికి పంపే నిబంధన మీకుంది, దాన్ని ఎందుకు వదులుకోవాలి?

నిజంగా కొత్త వస్తువే పుట్టుకొస్తే కొడక్ చేసిన పనే మేలు. 1975లో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజినీరు ఫిల్ము అక్కర్లేని కెమెరా చేసి చూపించాడు. మూడున్నర కిలోల పైన బరువు, ఒక్క బొమ్మ క్యాసెట్ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. ముచ్చటగానే ఉంది, ఎవరికీ చెప్పకు అన్నారు పెద్దలు. తర్వాత 2012 దాకా, అంటే దివాలా పిటిషన్ వేసేదాకా, కంపెనీ బాగానే నడిచింది. ముప్పై ఏడేళ్లు! మీ పదవీకాలం మూడేళ్లు.

పోయేవాణ్ణి పోనివ్వండి

ఎన్ని చేసినా కొందరు బుద్ధి మార్చుకోరు, రాజీనామా చేస్తారు. దిగులు పడకండి, అందులో ఘనమైన సంప్రదాయం ఉంది. బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీలో 1969లో కల్లం అంజిరెడ్డి అనే కెమికల్ ఇంజినీరు చేరాడు. కొన్నేళ్లకు బయటికొచ్చి, భాగస్వాములతో రెండు కంపెనీలు నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. ఆయనొక్కడే కాదు, హైదరాబాదు చుట్టూ లేచిన మందుల కంపెనీలను తవ్వితే చాలావాటి పునాదిలో ఐడీపీఎల్‌లో పని నేర్చిన మనుషులు తగులుతారు. మాతృసంస్థ 1992లో ఖాయిలా పడిన కంపెనీలను చూసే బీఐఎఫ్ఆర్ గుమ్మం ఎక్కింది. మందులు చేయడం అక్కడ నేర్చిన మనుషులకు వ్యాపారం చేయడానికి మాత్రం గేటు దాటాల్సి వచ్చింది. ఇంతకంటే పద్ధతిగా మనుషులను పంచిపెట్టిన సంస్థ మన రాష్ట్రాల్లో ఇంకోటి నాకు తెలియదు.

మీ ఫిట్టరు కూడా అలాగే పోతాడు. ప్రొద్దుటూరు రోడ్డులో రేకుల షెడ్డు వేసి, ఒక వెల్డింగు సెట్టు, ఒక కట్టింగ్ మిషను, ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుంటాడు. నాపరాళ్ల పాలిష్ యూనిట్లకు స్టాండ్లు, కంకర క్రషర్లకు రాక్ బాక్సులు చేసిస్తాడు. ఆర్నెల్లకు మీ చ్యూట్ మళ్లీ చిల్లు పడుతుంది, ఎందుకంటే అనుమతి లేని ఆ యాంగిళ్లను మీరు కోయించేశారు కదా. పర్చేజ్ వాళ్లు టెండరు పిలుస్తారు. అతనూ వస్తాడు.

వెండరుగా నమోదు కావాలంటే మూడేళ్ల టర్నోవరు, ఇలాంటి పని గతంలో చేసినట్టు ధ్రువపత్రం కావాలి. "పద్దెనిమిదేండ్లు ఈ చ్యూట్ల కాడనే ఉంటి గదా సార్" అంటాడు. ఉద్యోగం అనుభవం కింద రాదని మర్యాదగా చెప్పించండి. ఆర్డరు నగరంలో ఉన్న పెద్ద కంపెనీకి ఇవ్వండి. వాళ్లకు ఎర్రగుంట్లలో మనుషులు లేరు కాబట్టి వెతుక్కుంటూ ప్రొద్దుటూరు రోడ్డుకే పోయి, సగం ధరకు పని అతనికే అప్పజెబుతారు.

అతను విజిటరు పాసు మీద లోపలికొస్తాడు. ఈసారి హాట్ వర్క్ పర్మిట్ ఉంటుంది, డ్రాయింగు ఉంటుంది, దాని మీద పెద్ద కంపెనీ ముద్ర ఉంటుంది. పని ముగించి పోయేటప్పుడు టూల్ బ్యాగు విప్పించి చూడమని సెక్యూరిటీకి మరవకుండా చెప్పండి. మిగిలిన యాంగిల్ ముక్కలకు ఇప్పుడు బిల్లుంది. అవి తుక్కు యార్డులోకి పోవాలి.